రేడియో ఔషధాల నాణ్యతా ధ్రువీకరణ

రోగాన్ని గుర్తించడానికో, నయం చేయడానికో శరీరంలోకి పంపే రేడియోధార్మిక మందులను రేడియో ఔషధాలు అంటారు. వాటిని తయారుచేసే పద్ధతి, యంత్రం, గది, పరీక్ష, పనిచేసే మనిషి ప్రతిసారీ ఒకే ఫలితం ఇస్తాయని ముందుగానే, రాతపూర్వకంగా రుజువు చేయడమే నాణ్యతా ధ్రువీకరణ. ఔషధ పరిశ్రమలో అందరూ దీన్ని వాలిడేషన్ అనే పిలుస్తారు. మామూలు మందుల తయారీలో వాలిడేషన్ ఎంత ముఖ్యమో రేడియో ఔషధాల్లో అంతకంటే ముఖ్యం. కారణం ఒక్కటే: ఇక్కడ మందు ఆగదు. తయారైన క్షణం నుంచే దాని బలం తగ్గిపోతూ ఉంటుంది. అన్ని పరీక్షల ఫలితాలూ చేతికి వచ్చేదాకా ఆగితే రోగికి ఇవ్వడానికి మందే మిగలదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతానికి ఈ రంగంతో రెండు వైపులా సంబంధం ఉంది. క్యాన్సర్ ఎంతవరకు పాకిందో తెలుసుకునే పెట్ స్కాన్ కోసం ఇక్కడి రోగులు హైదరాబాద్ వెళ్తారు. రసాయన శాస్త్రం, ఫార్మసీ చదివిన ఇక్కడి యువతరం పని కోసం వెళ్లేదీ ఆ దారిలోనే.

దూరం, కాలం, అర్ధాయువు

రేడియోధార్మిక పదార్థంలో సగం క్షయమవడానికి పట్టే కాలం అర్ధాయువు. పెట్ స్కాన్‌లో ఎక్కువగా వాడే మందు ఫ్లోరోడీఆక్సీగ్లూకోజ్. ఆసుపత్రుల్లో దీన్ని ఎఫ్‌డీజీ అంటారు. చక్కెర అణువుకు ఫ్లోరిన్-18 తగిలించి దీన్ని చేస్తారు. క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి అవి ఉన్న చోటు స్కాన్‌లో వెలుగుతుంది. ఫ్లోరిన్-18 అర్ధాయువు సుమారు 110 నిమిషాలు.

హైదరాబాద్ నుంచి రోడ్డు మీద నాగర్‌కర్నూల్ సుమారు 120 కిలోమీటర్లు, వనపర్తి సుమారు 150, గద్వాల సుమారు 190. మందు వనపర్తి చేరడానికి మూడు గంటలు పడుతుందనుకుంటే, బయలుదేరినప్పుడు 100 పాళ్లున్న ఫ్లోరిన్-18 చేరేసరికి 32 పాళ్లే ఉంటుంది. రోగికి 10 మిల్లీక్యూరీలు ఇవ్వాలంటే హైదరాబాద్‌లో 31 మిల్లీక్యూరీలు నింపి పంపాలి. గద్వాలకు మూడున్నర గంటలు పడితే మిగిలేది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ.

అన్ని రేడియో ఔషధాలకూ ఇదే లెక్క వర్తించదు. ఎముకలు, గుండె, మూత్రపిండాల స్కాన్‌లకు వాడే టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలు. మూడు గంటల ప్రయాణం తర్వాత కూడా అందులో 71 పాళ్లు ఉంటుంది. థైరాయిడ్ చికిత్సకు వాడే అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు. అదే ప్రయాణంలో అది పోగొట్టుకునేది ఒక్క పాలే. ఏ మందును ఎక్కడ తయారుచేయాలి, ఎంత దూరం పంపవచ్చు, పరీక్షకు ఎన్ని నిమిషాలు కేటాయించవచ్చు అన్న ప్రశ్నలన్నిటికీ మొదటి జవాబు ఈ అంకెల్లోనే దొరుకుతుంది.

చరిత్ర

రేడియోధార్మిక పరమాణువును ఆనవాలుగా పెట్టి శరీరంలో పదార్థాల నడకను కనిపెట్టవచ్చని చూపిన జార్జి హెవెసీకి 1943 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. 1950ల చివర్లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల, ఆసుపత్రిలోనే టెక్నీషియం తీసుకోగల జనరేటర్‌ను రూపొందించింది. 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎఫ్‌డీజీని మొదటిసారి మనిషికి ఇచ్చారు. 1986లో జర్మనీలోని యూలిష్ పరిశోధన కేంద్రంలో హామాకర్ బృందం ప్రకటించిన తయారీ పద్ధతి దిగుబడిని బాగా పెంచింది. ఇప్పటి స్వయంచాలక యంత్రాలు చాలావరకు ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

భారతదేశంలో ఈ కథ ట్రాంబేలో మొదలవుతుంది. అక్కడి అప్సర అణు రియాక్టర్ 1956 ఆగస్టులో పనిచేయడం ప్రారంభించింది. 1963లో ముంబయి పరేల్‌లో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ ఏర్పడింది. రేడియో ఐసోటోపుల తయారీ, సరఫరా కోసం అణుశక్తి శాఖ 1989లో బోర్డ్ ఆఫ్ రేడియేషన్ అండ్ ఐసోటోప్ టెక్నాలజీని నెలకొల్పింది. ప్రోటాన్లకు వేగమిచ్చే యంత్రమైన సైక్లోట్రాన్, వైద్యం కోసం దేశంలో మొదటిది, 2002లో పరేల్ కేంద్రంలోనే వచ్చింది. 2018లో కోల్‌కతాలో 30 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల సైక్లోట్రాన్ ప్రారంభమైంది.

హైదరాబాద్‌కు అణు రంగంతో పాత అనుబంధమే ఉంది. రేడియేషన్ కొలిచే పరికరాలు చేసే ఈసీఐఎల్, అణు ఇంధనం తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఇక్కడివే. సీసీఎంబీ ప్రాంగణంలోని జొనాకి ప్రయోగశాల జీవశాస్త్ర పరిశోధనలకు ఫాస్ఫరస్-32 తగిలించిన అణువులను తయారుచేసి పంపేది. మరోవైపు 1961లో పుట్టిన ప్రభుత్వ ఔషధ సంస్థ ఐడీపీఎల్ బాలానగర్ కర్మాగారం ద్వారా ఒక తరం రసాయన శాస్త్రజ్ఞులను మందుల తయారీలో ఆరితేర్చింది. వాలిడేషన్ చేసే మనిషికి అణు క్రమశిక్షణ, ఔషధ క్రమశిక్షణ రెండూ కావాలి. ఆ రెండింటికీ హైదరాబాద్‌లో పునాది అలా పడింది.

ఒక బ్యాచ్ ప్రయాణం

ఎఫ్‌డీజీ తయారీ సాధారణంగా తెల్లవారుజామునే మొదలవుతుంది. ఉదయం రోగులు వచ్చే వేళకు మందు ఆసుపత్రిలో ఉండాలి కదా. సైక్లోట్రాన్‌లో వేగం పుంజుకున్న ప్రోటాన్లు ఆక్సిజన్-18 నీటిని తాకుతాయి. మామూలు నీటిలోని ఆక్సిజన్‌లో ఈ ఐసోటోపు 0.2 శాతమే ఉంటుంది కాబట్టి, దాన్ని 95 శాతానికి పైగా చిక్కబరిచిన ఖరీదైన నీటిని వాడతారు. గంట, రెండు గంటల్లో అందులో ఫ్లోరిన్-18 తయారవుతుంది.

ఆ నీరు సన్నని గొట్టం గుండా హాట్ సెల్‌లోకి చేరుతుంది. మందపాటి సీసం గోడల మధ్య ఉండే మూసిన పెట్టె అది. లోపలి సింథసిస్ మాడ్యూల్ రసాయన చర్యలన్నిటినీ తానే నడిపిస్తుంది. ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచడం, ఆరబెట్టడం, మానోస్ ట్రైఫ్లేట్ అనే ముడి పదార్థంతో కలపడం, రక్షక సమూహాలను విడగొట్టడం, శుద్ధి చేయడం అన్నీ కలిపి అరగంట పని. చివరికి 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా వడకట్టి సీసాలో నింపుతారు. ఆ క్షణంతో క్వాలిటీ కంట్రోల్ గది గడియారం నడక మొదలవుతుంది.

విడుదలకు ముందు పరీక్షలు

సీసా నుంచి తీసిన చిన్న నమూనా మీద అరగంట లోపే చాలా పరీక్షలు పూర్తి కావాలి. మొదటిది కంటిచూపు. సీసపు అద్దం వెనక నుంచి చూసినా ద్రవం తేటగా, నలకలు లేకుండా ఉండాలి. అమెరికా ఫార్మాకోపియా ప్రకారం దాని పీహెచ్ 4.5 నుంచి 7.5 మధ్య ఉండాలి.

తర్వాతి ప్రశ్న: ఇది నిజంగా ఫ్లోరిన్-18 యేనా? పాజిట్రాన్ వదిలే ఐసోటోపులన్నీ 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలనే ఇస్తాయి కాబట్టి ఆ కిరణాన్ని చూసి మాత్రమే తేల్చలేం. కొన్ని నిమిషాల తేడాతో రెండుసార్లు కొలిచి అర్ధాయువు లెక్కగడతారు. అది 105 నుంచి 115 నిమిషాల మధ్య వస్తే ఫ్లోరిన్-18. కార్బన్-11 అయితే 20 నిమిషాలు, నైట్రోజన్-13 అయితే 10 నిమిషాలు వస్తుంది.

రేడియో రసాయన శుద్ధత అంటే ఉన్న రేడియోధార్మికతలో ఎంత భాగం అసలు మందులో ఉందో చెప్పే కొలత. సిలికా పట్టీ మీద క్రోమాటోగ్రఫీతో దాన్ని చూస్తారు. అమెరికా ప్రమాణం కనీసం 90 శాతం, యూరప్ ప్రమాణం 95 శాతం. విడి ఫ్లోరైడ్ ఎక్కువైతే అది ఎముకల్లో చేరి, డాక్టరుకు లేని రోగాన్ని చూపించే ప్రమాదం ఉంది. తయారీలో వాడిన క్రిప్టోఫిక్స్ విషపదార్థం కాబట్టి మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదు. అసిటోనైట్రైల్ అనే ద్రావణి 400 పీపీఎం లోపే ఉండాలి. దీన్ని గ్యాస్ క్రోమాటోగ్రాఫ్‌తో కొలుస్తారు.

బ్యాక్టీరియా వదిలే ఎండోటాక్సిన్లు రోగికి చలిజ్వరం తెప్పిస్తాయి. ఒక రోగికి ఇచ్చే గరిష్ఠ పరిమాణంలో అవి 175 యూనిట్లు మించకూడదు. గుర్రపు నాడా పీత రక్తం నుంచి తీసిన ద్రవ్యంతో ఈ పరీక్ష చేస్తారు. చిన్న కార్ట్రిడ్జ్ పరికరాలు దీన్ని 15-20 నిమిషాల్లో ముగిస్తాయి. వడకట్టిన ఫిల్టర్ చిరగలేదని బబుల్ పాయింట్ పరీక్ష తేలుస్తుంది.

ఒక్క పరీక్ష మాత్రం మిగిలిపోతుంది. సూక్ష్మజీవులు లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్షకు 14 రోజులు పడుతుంది. అది ఫ్లోరిన్-18కు సుమారు 183 అర్ధాయువుల కాలం. పది అర్ధాయువులకే, అంటే 18 గంటలకే, మందు వెయ్యో వంతుకు పడిపోతుంది. అందుకని రోగికి ఇంజెక్షన్ ఇచ్చిన తర్వాతే ఆ ఫలితం వస్తుంది. ఫలితం చెడుగా వస్తే మందును వెనక్కి తెప్పించడం కుదరదు. చికిత్స చేసిన డాక్టరుకు తెలియజేసి కారణం వెతకడం ఒక్కటే దారి.

వాలిడేషన్

చివర్లో పరీక్షించి తేల్చుకునే వీలు లేనప్పుడు నాణ్యతను తయారీలోనే పెట్టాలి. గద్వాల చీర నేతగాళ్లకు ఈ సూత్రం కొత్తది కాదు. నూలు ఒంటిని పట్టు అంచుతో మగ్గం మీదే, పోగు పోగుకూ ముడివేస్తూ కలుపుతారు. నేత అయ్యాక ఆ కలయికను బాగుచేయడం కుదరదు. రేడియో ఔషధానికి మగ్గం దగ్గరి జాగ్రత్త లాంటిదే వాలిడేషన్.

యంత్రాల విషయంలో ఇది నాలుగు మెట్లుగా సాగుతుంది. డిజైన్ క్వాలిఫికేషన్‌లో మనకు కావలసింది ఈ యంత్రం చేయగలదా అని కాగితం మీద చూస్తారు. ఇన్‌స్టలేషన్ క్వాలిఫికేషన్‌లో దాన్ని సరిగ్గా బిగించారా, తీగలు, గొట్టాలు, పత్రాలు అన్నీ ఉన్నాయా అని సరిచూస్తారు. ఆపరేషనల్ క్వాలిఫికేషన్‌లో ఉష్ణోగ్రత, పీడనం, అలారంలు అన్ని హద్దుల్లోనూ పనిచేస్తున్నాయని తేలుస్తారు. పెర్ఫార్మెన్స్ క్వాలిఫికేషన్‌లో అసలు పనిలో పెట్టి పదేపదే ఒకే ఫలితం వస్తోందని చూపిస్తారు. ఆ తర్వాత ప్రాసెస్ వాలిడేషన్. సాధారణంగా వరుసగా మూడు బ్యాచ్‌లు అన్ని ప్రమాణాలనూ అందుకోవాలి. మధ్యలో ఒకటి తప్పితే కారణం తేల్చి మళ్లీ మొదటి నుంచి రావాలి.

స్టెరిలిటీ ఫలితం ఆలస్యంగా వస్తుంది కాబట్టి, దాని భారమంతా మీడియా ఫిల్ మోస్తుంది. మందు బదులు సూక్ష్మజీవులు ఇట్టే పెరిగే పోషక ద్రవాన్ని వాడి, నింపే పనంతా మామూలుగానే చేస్తారు. సీసాలను 14 రోజులు వెచ్చగా ఉంచుతారు. ఏ సీసా మసకబారినా ఆ చేతిలోనో, ఆ గదిలోనో, ఆ పద్ధతిలోనో లోపం ఉన్నట్టే. నింపే పని చేసే ప్రతి ఒక్కరూ మొదట మూడుసార్లు, తర్వాత నిర్ణీత గడువుల్లో ఈ పరీక్ష నెగ్గాలి.

పరీక్షా పద్ధతులను కూడా రుజువు చేయాలి. పరికరం ఎక్కువ తక్కువలు రెండింటినీ సరిగ్గా చూపుతోందా, మళ్లీ మళ్లీ కొలిస్తే అదే అంకె వస్తోందా, ఎంత తక్కువను పసిగట్టగలదు అన్నవి తేల్చుకోవాలి. డోస్ కాలిబ్రేటర్ విషయంలో క్షయమే కొలబద్దగా అక్కరకొస్తుంది. ఉదయం బలమైన నమూనా ఒకటి పెట్టి రోజంతా గంట గంటకూ కొలిస్తే, అది తగ్గే తీరు ముందే తెలుసు కాబట్టి, పరికరం ఏ స్థాయిలో తడబడినా పట్టుబడుతుంది. దీర్ఘాయువున్న సీజియం-137 నమూనాతో రోజూ దాని నిలకడను సరిచూస్తారు.

శుభ్రపరచడానికీ వాలిడేషన్ ఉంది. హాట్ సెల్ తలుపు పని అయిన వెంటనే తెరవలేరు. రేడియేషన్ తగ్గేదాకా ఆగాలి. అందుకే ద్రవాలు తాకే భాగాలను ఒక్కసారి వాడి పారేసే కేసెట్ల రూపంలోకి మార్చారు. నిన్నటి బ్యాచ్ జాడ నేటి బ్యాచ్‌లో కలిసే అవకాశం దీంతో బాగా తగ్గింది.

జనరేటర్లు

టెక్నీషియం-99ఎంను ఆసుపత్రిలోనే తీసుకోవచ్చు. 66 గంటల అర్ధాయువున్న మాలిబ్డినమ్-99ను అల్యూమినా గొట్టంలో పట్టి ఉంచుతారు. ఉప్పునీరు పోస్తే టెక్నీషియం బయటికి వస్తుంది, మాలిబ్డినమ్ లోపలే ఉండిపోతుంది. ఉండకుండా బయటికి వస్తే రోగికి అనవసరపు రేడియేషన్ తగులుతుంది. అందుకే మెగాబెక్వెరెల్ టెక్నీషియంకు మాలిబ్డినమ్ 0.15 కిలోబెక్వెరెల్ దాటకూడదని అమెరికా ఫార్మాకోపియా హద్దు పెట్టింది. ఈ పరీక్ష ఆసుపత్రి రేడియోఫార్మసీలోనే జరగాలి.

2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఆగిపోయినప్పుడు ప్రపంచమంతటా మాలిబ్డినమ్ కొరత వచ్చింది. సరఫరా దారి మారిన ప్రతిసారీ కొత్త ముడి పదార్థం పాతదానితో సమానమని మళ్లీ రుజువు చేయాల్సి వస్తుంది. వాలిడేషన్ ఒక్కసారితో ముగిసే పని కాదని చెప్పడానికి ఆ సంఘటనే సాక్ష్యం.

నియంత్రణ

భారతదేశంలో రేడియో ఔషధం రెండు చట్టాల నీడలో ఉంటుంది. రేడియేషన్ భద్రతను అణుశక్తి చట్టం, దాని కింది నిబంధనల ప్రకారం అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. ఈ మండలి 1983 నవంబరు 15న ఏర్పడింది. సైక్లోట్రాన్ కట్టడం నుంచి మందు రవాణా దాకా దాని అనుమతులు కావాలి. మందుగా దాని నాణ్యతను ఔషధ చట్టం చూస్తుంది. 2014 భారత ఫార్మాకోపియాలో తొలిసారిగా 19 రేడియో ఔషధాల ప్రమాణాలు చేరాయి. 2023 డిసెంబరు చివర్లో ప్రకటించిన సవరించిన షెడ్యూల్ ఎం రేడియో ఔషధాల తయారీకి ప్రత్యేక నియమాలు చేర్చింది. యంత్రాల క్వాలిఫికేషన్, వాలిడేషన్, కంప్యూటర్ రికార్డుల భద్రత అందులో భాగాలు.

రెండు చట్టాల అవసరాలు ఒక్కోసారి ఎదురెదురుగా నిలుస్తాయి. మందులోకి దుమ్ము రాకుండా శుభ్రమైన గదిలో గాలి పీడనం బయటికంటే ఎక్కువ ఉంచుతారు. రేడియోధార్మిక వాయువు బయటికి పోకుండా హాట్ సెల్‌లో పీడనం తక్కువ ఉంచాలి. రెండూ ఒకేచోట ఎలా నెరవేరుతున్నాయో అంకెలతో చూపించాల్సింది వాలిడేషన్ ఉద్యోగే.

ఉద్యోగం

ఈ పనిలోకి ఎక్కువగా బీఫార్మసీ, ఎంఫార్మసీ, రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసినవారు వస్తారు. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ పరిధిలో హాస్పిటల్ రేడియోఫార్మసీ ఎమ్మెస్సీ, వైద్య రేడియో ఐసోటోప్ పద్ధతుల డిప్లొమా ఉన్నాయి.

రోజు పనిలో పెద్ద భాగం రాత. ప్రొటోకాల్ ముందు రాసి సంతకాలు చేయించాలి. పరీక్ష చేసినప్పుడే అంకె రాయాలి. తర్వాత గుర్తుతెచ్చుకుని రాయకూడదు. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు. ఒక గీత కొట్టి, సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. అనుకున్న తీరు తప్పితే డీవియేషన్ రాసి మూల కారణం వెతకాలి. తయారుచేసిన మనిషే విడుదల సంతకం పెట్టకూడదు. కుదరదని చెప్పే అధికారం నాణ్యతా విభాగానికి ఉండి తీరాలి.

రేడియేషన్ నుంచి రక్షణకు మూడు సూత్రాలు: తక్కువ సేపు, ఎక్కువ దూరం, తగినంత సీసం. సోకిన రేడియేషన్‌ను కొలవడానికి ఉద్యోగి ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి, వేలికి ఉంగరపు బ్యాడ్జి ఉంటాయి. భారత నిబంధనల ప్రకారం ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు మించకూడదు. సాధారణ ప్రజలకు ఈ హద్దు ఏడాదికి ఒక మిల్లీసీవర్టు. ప్రతి కేంద్రంలోనూ రేడియేషన్ భద్రతాధికారి ఉండాలి.

మూడు జిల్లాల నేపథ్యం

ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వేరుపడ్డాయి. రేడియోధార్మికత అన్న మాట ఇక్కడి ఇళ్లలోకి వచ్చింది మాత్రం వైద్యం ద్వారా కాదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమలలో భాగమైన అమ్రాబాద్ అడవుల్లో యురేనియం అన్వేషణ మీద చెంచులు, రైతులు, పర్యావరణవాదులు ఆందోళన చేశారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అడవిని, నీటిని కాపాడుకోవాలన్న ఆ ఆందోళన న్యాయమైనదే. స్కాన్ అంటే భయపడే రోగికి మాత్రం తేడా చెప్పాలి. పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18 నీటి నుంచి పుడుతుంది. దానికి యురేనియం అక్కర్లేదు. మర్నాటికి ఒంట్లో దాని జాడ దాదాపు ఉండదు.

చదువుకు పాలమూరు విశ్వవిద్యాలయం 2008 నుంచి ఉంది. వనపర్తి సంస్థానాధీశుల రాజభవనంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ నడుస్తోంది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. జడ్చర్ల దగ్గరి పోలేపల్లిలో ఔషధ పరిశ్రమలున్నాయి. అక్కడ క్యూసీ, క్యూఏ విభాగాల్లో నేర్చుకున్న క్రమశిక్షణకు రేడియేషన్ భద్రత శిక్షణ తోడైతే రేడియో ఔషధ రంగంలోకి దారి దొరుకుతుంది.

ఈ జిల్లాల్లో అణు వైద్య సేవలు మొదలుపెట్టాలంటే అర్ధాయువుల లెక్కే వరుసను నిర్ణయిస్తుంది. వారానికోసారి వచ్చే టెక్నీషియం జనరేటర్‌కు దూరం పెద్ద అడ్డంకి కాదు. పెట్ స్కాన్‌కే వాడే గాలియం-68 ఇచ్చే జనరేటర్‌లోని జెర్మేనియం-68 అర్ధాయువు 271 రోజులు. ఎఫ్‌డీజీ అయితే రోజూ తెల్లవారుజామున రోడ్డెక్కాలి. ఏది వచ్చినా పరీక్ష చేయగల, లెక్క రాయగల, అవసరమైతే ఆపగల మనుషులు ఇక్కడే ఉండాలి.

ఎఫ్‌డీజీ స్కాన్‌కు ముందు రోగి నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు. గద్వాల నుంచి రాత్రి బస్సెక్కిన రోగి తెల్లారేసరికి ఖాళీ కడుపుతో హైదరాబాద్ ఆసుపత్రి వరండాలో కూర్చుంటారు. బ్యాచ్ తప్పితే ఆ రోజు స్కాన్ ఉండదు. బస్సు చార్జీ, కూలి, ఉపవాసం అన్నీ వృథా. తప్పిన బ్యాచ్‌ను విడుదల చేస్తే అంతకంటే పెద్ద నష్టం. ఈ రెండు నష్టాల నుంచీ ఆ రోగిని కాపాడేది నెలల ముందు ఎవరో ఓపికగా నింపి చూసిన మీడియా ఫిల్ సీసాలు, మూడు బ్యాచ్‌ల రికార్డులు, రోజంతా గంట గంటకూ రాసిన అంకెలు.